ఊర్లో ఏ పక్క?

మా కాలేజీలో పిల్లలు మనసులో మాట చెప్పుకోవడానికి ఒక గది ఉంది. మూడేళ్ళ కిందటి వరకు అది విరిగిన బెంచీలు పడేసే కొట్టు. ఇప్పుడు దాని తలుపు పక్కన మార్కాపురం పలకరాయి ఒకటి గోడకు బిగించి ఉంటుంది. దాని మీద తెల్లరంగుతో 'కొండేపోగు యేసుమణి, కౌన్సెలర్' అని రాసి ఉంటుంది. ఆ రాయి కోసి నున్నగా అరగదీసింది వాళ్ళ నాయన ఏబేలు. అక్షరాలు రాసింది యేసుమణే. ఇంటిపేరు మొత్తం ఎందుకు, ఒక్క పొడి అక్షరం చాలదా అని ఆ రోజు అడిగింది నేను. నేనంటే పద్మజను, జువాలజీ చెబుతాను, ఆడపిల్లల హాస్టల్ కూడా చూసుకుంటాను. అడగకూడనివి అడగడంలో నాకు ఇరవై రెండేళ్ళ అనుభవం ఉంది.

యేసుమణి రాకముందు ఆ కౌన్సెలింగ్ పని కూడా నా నెత్తినే ఉండేది. ఏ పిల్లయినా దిగులుగా కనిపిస్తే పిలిచి, కుర్చీలో కూచోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ఏ ఊరమ్మా మీది?" అని అడిగేదాన్ని. చెప్పేది. "ఊర్లో ఏ పక్క?" అనేదాన్ని. మా వైపు ఇది పలకరింపు. పెళ్ళిలో, బస్సులో, ఆసుపత్రి వరండాలో, ఎక్కడ ఇద్దరు కలిసినా ఊరి పేరు తర్వాత వచ్చే మాట ఇదే. కులం అడగడం మర్యాద కాదు గనక దిక్కు అడుగుతాం. రామాలయం వీధి అంటే ఒక లెక్క, కాలవ అవతల అంటే ఇంకో లెక్క. ఆ లెక్క కోసమే అడుగుతున్నానని నాకు తెలియదు. పిల్లలకు మాత్రం బాగా తెలుసు. కొందరు టక్కున చెప్పేవాళ్ళు. కొందరు గ్లాసు కింద పెట్టి, "ఏం లేదు మేడం, తలనొప్పి" అని లేచిపోయేవాళ్ళు. అది నిజంగా తలనొప్పే అనుకుని మాత్ర ఇచ్చి పంపిన రోజులు చాలా ఉన్నాయి.

యేసుమణి చేరిన నెలకు నా దగ్గరకు వచ్చి సూటిగా చెప్పింది.

"మేడం, ఆ ప్రశ్న మానేయండి."

"ఏ ప్రశ్న?"

"ఏ పక్క అని అడుగుతారు గదా, అది."

"అందులో ఏముంది? నాకు అట్లాంటి పట్టింపులు లేవు."

"మీకు లేవు మేడం. అడిగించుకునేటోళ్ళకు ఉంటాయి. నన్ను ఎవరన్నా అట్ల అడిగితే ముందు వాళ్ళ మొహం చూసి, తర్వాత జవాబు వెతుక్కునేదాన్ని."

నాకు ఒళ్ళు మండింది. నిన్నగాక మొన్న వచ్చిన మనిషి, నా కూతురి కంటే నాలుగేళ్ళు పెద్ద, నాకు పాఠం చెబుతుందా అని రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు మధ్యాహ్నం తనే వచ్చి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూచుంది.

"మేడం, మీది ఊర్లో ఏ పక్క?"

"రామాలయం వీధి," అన్నాను పెడసరంగా.

"అది చెప్పేటప్పుడు ఎప్పుడన్నా గుండె దడదడలాడిందా?"

చాలాసేపు వెతుక్కున్నాను. యాభై ఏళ్ళలో ఒక్కసారి కూడా లేదు. అసలు నాకంటూ ఒక పక్క ఉందన్న సంగతే నేనెప్పుడూ ఆలోచించలేదు. ఆ మాటే చెప్పాను. "అదే మేడం తేడా," అని, నా డబ్బాలోంచి వంకాయ కూర సగం తన అన్నంలో వేసుకుంది. ఆ రోజు నుంచి మధ్యాహ్నం ఇద్దరం కలిసే తింటున్నాం.

అట్లా తింటూ తింటూ తన కథ చెప్పింది. యేసుమణి వాళ్ళది తర్లుపాడు వైపు పల్లె. నాయన ఏబేలు పలకల గనిలో రాతి పొరలు చీల్చేవాడు. అమ్మ సువార్తమ్మ ఫ్యాక్టరీలో పలకలకు చెక్క చట్రాలు బిగించేది. దేశమంతా పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు వాళ్ళ చేతుల్లోంచి పోయాయి. ఇద్దరికీ మాత్రం సంతకం రాదు. కూతురు కనిగిరిలో హాస్టల్లో ఉండి ఇంటరు చదివింది. తర్వాత డిగ్రీ, ఆ తర్వాత తిరుపతిలో సైకాలజీ ఎమ్మే.

తిరుపతిలో గదిలో ఉండే అమ్మాయిలు మీ నాయన ఏం చేస్తాడని అడిగితే, యేసుమణి "పలకల వ్యాపారం" అంది. రెండేళ్ళూ అదే మాట. పేరు కూడా 'వై. మణి' అని రాసుకునేది. అదే యూనివర్సిటీలో వాళ్ళ పల్లె నుంచే వచ్చిన అక్క ఒకామె పైచదువు చదువుతుండేది. ఆమె ఎదురుపడితే యేసుమణి పుస్తకంలో తల పెట్టుకుని పక్కకు తప్పుకునేది. ఆమెతో మాట్లాడితే తనెవరో తెలిసిపోతుందని భయం. ఒకరోజు క్లాసులో పాఠం వచ్చింది. ఎక్కడో దూరదేశంలో నల్లవాళ్ళు తమను తాము ఎట్లా చూసుకుంటారు, తెల్లవాళ్ళు తమను తాము ఎట్లా చూసుకుంటారు, వాళ్ళలో ఒకరు ఇంకొకరికి ధైర్యం చెప్పే కుర్చీలో కూచుంటే ఏమవుతుంది అని.

"ఆ పాఠంలో మా పల్లె కనపడింది మేడం," అంది యేసుమణి. "మొదట మనల్ని మనం అవతలోళ్ళ అద్దంలో చూసుకుంటాం. తర్వాత ఆ అద్దం పగలగొట్టాలనిపిస్తది. ఆ తర్వాత సొంత అద్దం తెచ్చుకొని, కొన్నాళ్ళు దాని ముందే నిలబడతాం. చివరికి తల దువ్వుకొని పనికి పోతాం."

పగలగొట్టే దశలో ఆమె ఎట్లా ఉండేదో ఆమే నవ్వుతూ చెబుతుంది. బస్సులో పక్కన కూచున్నవాళ్ళకు కూడా పేరు, ఇంటిపేరు, పల్లె, చర్చి అన్నీ గట్టిగా చెప్పేదట, ఎవడైనా మొహం ముడుచుకుంటే తగువు పెట్టుకోవడానికి. ఇంటికి పోయి, "నాయనా, నువ్వు వ్యాపారం చేస్తావని రెండేండ్లు అబద్ధం చెప్పినా," అని ఏడ్చిందట. ఏబేలు బీడీ ఆర్పి, "అబద్ధం ఏముందిలే, చేతులమ్ముకునే వ్యాపారమే గదమ్మా," అన్నాడట.

ఇంత తెలిసిన మనిషి పక్కన ఉండి కూడా నేను పోయినేడు మళ్ళీ అదే తప్పు చేశాను. ఆ తప్పు వల్ల ఒక పిల్ల చదువు మానేసేదే.

ఆ పిల్ల పేరు ఇందు. రెండో సంవత్సరం, మా జువాలజీ విద్యార్థే. గిద్దలూరు వైపు ఊరు. చురుకైన పిల్ల, బొమ్మ వేసిందంటే కప్ప కాగితం మీంచి దూకుతుందేమో అనిపించేది. దసరా సెలవుల ముందు నుంచి మెస్సులో అన్నం ముట్టడం మానేసింది. క్లాసులో కిటికీ వైపు చూస్తూ కూచునేది. ఒక సాయంత్రం ల్యాబులోకి వచ్చి, "మేడం, మీతో మాట్లాడాలి," అంది. యేసుమణి మేడం గదిలో ఉంది, పో అన్నాను. "వద్దు మేడం, మీతోనే," అంది. నాకు లోపల కొంచెం సంతోషం కూడా కలిగింది, ఇన్నేళ్ళ తర్వాత కూడా పిల్లలు నన్నే వెతుక్కుంటూ వస్తున్నారని. ఆ సంతోషంలో ఒళ్ళు తెలియలేదు. మంచినీళ్ళిచ్చాను. ఏ ఊరన్నాను. చెప్పింది. పుట్టుకతో వచ్చిన బుద్ధి, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఊర్లో ఏ పక్క?"

ఇందు ఒక క్షణం నా మొహం చూసింది. "రామాలయం వీధి మేడం," అంది. తర్వాత చదువు గురించి ఏదో నాలుగు మాటలు మాట్లాడి వెళ్ళిపోయింది. మరుసటి రోజు ప్రిన్సిపాల్ టేబుల్ మీద ఆమె టీసీ అర్జీ ఉంది. శుక్రవారం తండ్రి వచ్చి సంతకం పెడితే తీసుకెళ్ళవచ్చు. అప్పటికి మంగళవారం.

సిగ్గు చంపుకుని యేసుమణికి అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు, తల పట్టుకుంది.

"నా దగ్గరికి రాకుండా మీ దగ్గరికి వచ్చిందంటేనే నాకు అర్థమైంది మేడం. నా బోర్డు మీద ఇంటిపేరు చూసి భయపడింది. ఆ గదిలోకి పోతే అందరూ తనను కూడా నా పక్కే లెక్కేస్తారని. తిరుపతిలో మా పల్లె అక్కను చూసి నేను తప్పుకున్నట్టే." ఆ తర్వాత, "మీ ల్యాబులో కలుస్తా. మీ క్లాసు పిల్ల మీ ల్యాబుకొస్తే ఎవరూ ఏం అనుకోరు," అంది.

బుధవారం మధ్యాహ్నం సీసాల్లో పాములు, తేళ్ళు చూస్తుండగా వాళ్ళిద్దరూ నా ల్యాబు బల్లకు అటూ ఇటూ కూచున్నారు. నేను బయటకు పోబోతే ఇందే, "మీరు ఉండండి మేడం, మీకో మాట చెప్పాలి," అంది. కానీ చెప్పలేదు. బల్ల మీద గీతలు గీస్తూ ఉండిపోయింది. యేసుమణి ఏమీ అడగలేదు. తనే మొదలుపెట్టింది.

"మాది ఊరికి తూర్పు పక్క. కాలవ దాటినాక చర్చి గోడకు ఆనుకొని మా ఇల్లు. మా నాయన ఏబేలు, గనిలో పని చేసినాడు. నేను రెండేండ్లు మా నాయన వ్యాపారస్తుడని చెప్పుకొని తిరిగినా."

కౌన్సెలర్లు తమ సంగతులు చెప్పకూడదని వాళ్ళ చదువులో నేర్పిస్తారట. తర్వాత నేను ఆ మాట అంటే, "నేను చెప్పకపోయినా నా పేరు చెప్తది మేడం. అదేదో నా నోటితో, తల ఎత్తుకొని చెప్తే ఆ పిల్ల కూడా వింటది గదా," అంది.

ఇందు మొదట నా వైపు తిరిగింది. "మేడం, మాది రామాలయం వీధి కాదు. ఊరికి దక్షిణం పక్క." అది చెప్పడానికే ఊపిరి సగం అయిపోయింది. తర్వాత మిగిలింది చెప్పింది.

హాస్టల్లో తను రైతు బిడ్డనని చెప్పుకుంది. పదెకరాలు, బోరు, రెండు గేదెలు అన్నీ కల్పించింది. ఆగస్టులో ఒక ఆదివారం తండ్రి నిత్యానందం చెప్పకుండా వచ్చాడు. పొలం పనికి పోయే చొక్కాతోనే, సంచిలో ఉడకబెట్టిన శెనక్కాయలు, గోంగూర పచ్చడి తెచ్చాడు. వరండాలో గది అమ్మాయిలు నలుగురూ ఉన్నారు. ఎవరు ఇందూ అని వాళ్ళలో సుప్రియ అడిగింది.

"మా పొలంలో పని చేసే మనిషి అని చెప్పినా," అంది ఇందు. "మా నాయన విన్నాడు మేడం. ఇట్ల నా మొహం చూసినాడు. ఒక్క నిమిషం. తర్వాత సంచి కింద పెట్టి, చేతులు కట్టుకొని, 'చిన్నమ్మగారూ, పెద్దాయన ఇచ్చిరమ్మన్నాడండి' అన్నాడు. నన్ను గారూ అన్నాడు. మంచినీళ్ళు కూడా తాగకుండా పోయినాడు."

నాకు కళ్ళు కనపడలేదు. బల్ల మీదున్న రికార్డులు సర్దుతున్నట్టు నటించాను.

ఆ తర్వాత ఫోన్లో తండ్రి ఏమీ జరగనట్టే మాట్లాడుతున్నాడట, తిన్నావా, చదువుతున్నావా అని. తిన్నావా అన్న మాట వినిపిస్తే ఆ పిల్లకు ముద్ద దిగడం లేదు. ఇంటికి పోతే ఆయన మొహం చూడాలి, ఇక్కడుంటే ఆ వరండా చూడాలి. టీసీ తీసుకుని హైదరాబాదులో ఏదైనా పనిలో చేరాలని నిర్ణయించుకుంది.

పర్వాలేదమ్మా, ఏమీ కాదు అని యేసుమణి అనలేదు. నేనైతే ఆ ముక్క పదిసార్లు అనేదాన్ని.

"నువ్వు చేసింది తప్పే," అంది. "మీ నాయనకు నొప్పి తగిలింది, అది నిజం. కానీ ఆ సిగ్గు నువ్వు పుట్టించింది కాదు. నువ్వు పుట్టకముందు నుంచే ఊర్లో తయారుగా ఉంది. నీ నెత్తిన పెట్టినారు, నువ్వు మోసినావు. తప్పు వరకు నీది, సిగ్గు నీది కాదు. రెండూ విడదీసి చూడు."

ఇందు చాలాసేపు ఏడ్చింది. తర్వాత మొదటిసారి మేడం అనడం మానేసి, "ఇప్పుడు అందరికీ చెప్పాలా అక్కా?" అంది.

ఇక్కడ నేను ఆగలేకపోయాను. చెప్పాల్సిందే, సోమవారం ప్రార్థనలో స్టేజీ ఎక్కించి మాట్లాడిస్తాను, దెబ్బకు అందరికీ బుద్ధి వస్తుంది అన్నాను. నాకు ఆవేశం వస్తే మాట ముందు, ఆలోచన వెనక. యేసుమణి నా వైపు తిరిగింది. ఆమె కళ్ళలో అంత కోపం అంతకు ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"చెప్పడానికి ధైర్యం కావాలని ఆ పిల్లను అంటాం మేడం. వినేటోళ్ళకు ఏం కావాలో ఎవరూ అడగరు. స్టేజీ వద్దు, ఏమొద్దు. ఇందూ, నువ్వు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఇది పరీక్ష కాదు. చెప్పాలనిపించిన రోజు, చెప్పాలనిపించినోళ్ళకు చెప్పు. అప్పటిదాకా అన్నం తిను."

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని నోరు మూసుకున్నాను. పోయేముందు ఇందు టీసీ అర్జీ వెనక్కి తీసుకుంటానని అనలేదు. నేను అడగబోతే యేసుమణి నా చెయ్యి నొక్కింది.

శుక్రవారం పొద్దున పది గంటలకు నేను హాస్టల్ వరండాలో మెస్సు జాబితా రాస్తున్నాను. గేటు దగ్గర నుంచి సుప్రియ వచ్చి, లోపలికి కేకేసింది. "ఇందూ, మీ పొలం మనిషి వచ్చినాడు."

లేచి చూశాను. గేటు పక్కన సన్నగా, పొడుగ్గా, నెరిసిన గడ్డంతో ఒక మనిషి. ఈసారి తెల్లచొక్కా వేసుకున్నాడు, ఆదివారం చర్చికి వేసుకునేది అయి ఉండాలి. కాలేజీలో సంతకం పెట్టాలి గదా, అందుకని. కానీ గేటు దగ్గర వాచ్‌మన్‌కు ఏం చెప్పాడో నాకు స్పష్టంగా వినిపించింది. "ఇందు పాపగారి ఇంటి నుంచి వచ్చినానండి. వాళ్ళ పొలంలో పని చేస్తా."

కూతురు చెప్పిన అబద్ధాన్ని ఆయన రెండు నెలలు జాగ్రత్తగా దాచి, చెక్కుచెదరకుండా తెచ్చాడు. బిడ్డ పరువు పోకూడదని. నాకు అప్పుడు అరవాలనిపించింది. యేసుమణి కోపం గుర్తొచ్చి పెన్ను గట్టిగా పట్టుకుని నిలబడ్డాను.

ఇందు వచ్చింది. మెట్ల మీద ఆగింది. వరండాలో గది అమ్మాయిలు, ఇంకా పదిమంది దాకా ఉన్నారు. ఆయన ఆమెను చూసి చేతులు కట్టుకున్నాడు. నోరు తెరవబోయాడు, చిన్నమ్మగారూ అనడానికే అయి ఉంటుంది. ఇందు మెట్లు దిగి, పోయి ఆయన చెయ్యి పట్టుకుంది.

"సుప్రియా, మా నాయన," అంది. "నిత్యానందం. ఆ రోజు నీకు అబద్ధం చెప్పినా."

ఆయన బెదిరిపోయి అమ్మాయిలందరి వైపూ చూశాడు. "ఎందుకమ్మా ఇప్పుడు," అని గొణిగాడు. ఇందు చెయ్యి వదల్లేదు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అట్లా జరిగిందని రాస్తే యేసుమణి నన్ను మళ్ళీ కోప్పడుతుంది. ఒకమ్మాయి గదిలోకి వెళ్ళిపోయింది, తర్వాతి వారం వేరే గది అడిగి మారింది. ఎందుకని అడిగితే గాలి రావడం లేదంది. సుప్రియ మాత్రం లోపలికి పోయి చెంబుతో మంచినీళ్ళు తెచ్చి, "తాగండి పెదనాయనా," అంది. ఆ మాట విన్నాక ఆయన వరండా మెట్టు మీద కూచుని చెంబెడు నీళ్ళూ తాగాడు. ఆగస్టులో తాగకుండా పోయిన నీళ్ళు అవి.

నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని కౌన్సెలింగ్ గదికి పరిగెత్తాను. యేసుమణి వేరే పిల్లాడితో మాట్లాడుతోంది. తలుపు సందులోంచి జరిగింది చెప్పాను. ఆమె ఒకటే అడిగింది.

"అన్నం తినిందా మేడం?"

ఆ రోజు ఇందు నాయనతో కలిసి మా మెస్సులో భోంచేసింది, రెండుసార్లు సాంబారు పోయించుకుంది. టీసీ అర్జీ మీద పెట్టడానికి వచ్చిన సంతకం, విజిటర్ల పుస్తకంలో పడింది. 'సంబంధం' అన్న గడిలో ఇందే 'నాన్న' అని రాసింది.

ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను గర్వపడ్డవి పెద్దగా లేవు. ర్యాంకులొచ్చాయి, ఫోటోలు దిగాం, మరిచిపోయాం. ఈ కొట్టుగదిలో ఏబేలు కూతురు చేస్తున్న పని చూసి నాకు గర్వంగా ఉంది, ఆ మాట పైకే చెబుతాను. మొన్న ఏబేలు బస్సు దిగి మా కాలేజీకి వచ్చి, తను కోసిన రాయి మీద కూతురి పేరు చేత్తో తడిమి చూసుకున్నాడు. చదవడం రాదు, అయినా చివరి అక్షరం దాకా తడిమాడు. "గట్టి పొర మేడం, ఇది చీలదు," అన్నాడు.

ఇప్పుడు పిల్లలు నా దగ్గరకు వస్తే ఏ పక్క అని అడగను. నాది చెబుతాను. రామాలయం వీధిలో పుట్టాను, ఆ వీధిలో పుట్టినందుకు నాకు తెలియనివి చాలా ఉన్నాయి, తప్పు మాట్లాడితే చెప్పండి అంటాను. మొదట్లో నాటకంలా ఉండేది. ఇప్పుడు కొంచెం అలవాటైంది.

ఇదంతా రాస్తున్నానని ఇందుతో చెప్పి, నీ పేరు మారుస్తానమ్మా, ఊరి ఆనవాలు కూడా తీసేస్తాను అన్నాను. అప్పుడామె ల్యాబులో కప్ప గుండె బొమ్మ వేస్తోంది. పెన్సిలు ఆపకుండానే జవాబు చెప్పింది.

"మార్చొద్దు మేడం. మా నాయన పేరు కూడా రాయండి. ఇల్లు ఊరికి దక్షిణం పక్క, చర్చి ఎదురుగా అని రాయండి."